ఖాదర్ భాయ్ చాయ్‌కి వస్తేనే ఊరికి నీళ్లు

పెన్షన్ సెక్షన్‌లో కొత్తగా చేరిన అనూష నన్నొక కోరిక కోరింది. "మేడం, మీరు ముప్పై మూడేండ్లు చేసిన్రు కద, నాకు అక్కరకొచ్చేటివి నాలుగు ముక్కలు రాసియ్యున్రి" అంది. ఆమె నాలుగు ముక్కలే అడిగింది. ఇది అంతకంటే పెద్దదైతే తప్పు నాదే కానీ, చదవక తప్పని తిప్పలు మాత్రం ఆమెవి.

మా మున్సిపాలిటీ పేరు రాయను. ఖమ్మం వైపు పొలాలు అయిపోయి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే దారిలో ఉన్న ఊరు అనుకోండి, చాలు. నా ప్రమోషన్ల గురించి కూడా రాయను. రెండే వచ్చాయి, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. చివరికి సూపరింటెండెంట్‌గా దిగాను. ఆ కుర్చీ గురించి చెప్పడానికేమీ లేదు. ఆ కుర్చీ ఎదురుగా వచ్చి కూర్చున్నవాళ్ల గురించే చెప్పాలి.

రెండు మాటలు

పెన్షన్ సెక్షన్ అంటే లెక్కల పని అని బయటివాళ్లు అనుకుంటారు. లెక్కలు కంప్యూటర్ చేస్తుంది. మన పని ఏటా ఒక్కో పెన్షనర్ చేత రెండు మాటలు చెప్పించి సంతకం పెట్టించుకోవడం. మొదటిది, నేను బతికే ఉన్నాను. రెండోది, నేను మళ్లీ సర్కారు కొలువులో చేరలేదు.

మొదటి మాటతో పెద్దగా ఇబ్బంది లేదు. మనిషి ఎదురుగా నిలబడి, సెక్షన్ బయట ఉన్న బెంచీకి ఒక కాలు పొట్టిగా ఉందనీ, కూర్చుంటే పడేస్తోందనీ మనతో పోట్లాడుతుంటే, బతికి ఉన్నాడనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ బెంచీ గురించి నాతో పోట్లాడని పెన్షనర్ లేడు. "చూద్దాంలెండి" అని అందరికీ చెప్పాను. ఇరవై ఏళ్లు చెప్పాను.

చిక్కంతా రెండో మాట దగ్గరే. మున్సిపాలిటీలో రిటైరైన మనిషి సొంత పొలం దున్నుకోవచ్చు, దుకాణం పెట్టుకోవచ్చు, ప్రైవేటు గోదాము ముందు వాచ్‌మన్‌గా కూర్చోవచ్చు. మనకు పట్టింపు లేదు. కానీ సర్కారులోనో, మున్సిపాలిటీ లాంటి చోటనో జీతానికి మళ్లీ చేరితే మాత్రం మనకు చెప్పాలి. చేసినన్నాళ్లూ పెన్షన్ మీద వచ్చే కరువు భత్యం ఆగిపోతుంది. నేనున్న కాలంలో మా దగ్గర నడిచిన పద్ధతి ఇది. రూళ్లు మారుతుంటాయి కాబట్టి నా మాట పట్టుకుని ఎవరి భత్యమూ ఆపకండి, తాజా జీవో తీసి చూసుకోండి.

చదవడానికి రూలు బాగానే ఉంటుంది. కానీ మన వైపు మనుషులకు ఊరికే కూర్చోవడం చేతకాదు. అరవై దాటాక కూడా ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. ఆ చేసేది ఏ గడిలో పడుతుందో తేల్చడమే మన ఉద్యోగం.

సోమయ్య ఆఫీసు

నేను పెన్షన్ సెక్షన్‌కు వచ్చిన కొత్తలో చేసిన తప్పు ఇది. మణుగూరు దాటి అడవిలోకి వెళితే సోమయ్య ఊరు. పాతికేళ్లకు పైగా మా మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చి, రిటైరయ్యాక తన ఊరికి వెళ్లిపోయాడు. ఇంట్లో వాళ్ల భాష వాళ్లదే. మాతో మాత్రం నిదానంగా, ఒక్కో మాటా ఏరుకుంటూ తెలుగులో మాట్లాడేవాడు. కాగితం నింపించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు.

"పని ఏమన్న చేస్తున్నవా?" అని అడిగాను.

"అవ్ అమ్మా, చేస్తున్న."

"ఎక్కడ?"

"సర్కారు ఆకు."

సర్కారు అన్న మాట చెవిన పడగానే నాలో పెద్ద ఆఫీసరు నిద్ర లేచింది. మళ్లీ ఉద్యోగంలో చేరినట్టు రాసేశాను. కరువు భత్యం ఆగిపోయింది. నాలుగో నెలలో సోమయ్య వచ్చాడు. బస్సు దిగి, ఎండలో నడిచి, నా బల్ల మీద ఒక చిన్న ఆకుల కట్ట పెట్టాడు. బీడీలు చుట్టే తునికాకులు యాభై పేర్చి, నారతో కట్టిన కట్ట.

"ఇదేంది?" అన్నాను.

"నా ఆఫీసు అమ్మా" అన్నాడు.

ఎండాకాలంలో తునికాకు తెంపి, కట్టలు కట్టి, ఆకు కొనే కల్లంలో పోస్తాడు. కట్టకింత అని ఇస్తారు. ఆకు అడవిది, అడవి సర్కారుది, కాబట్టి ఆయన లెక్కలో అది సర్కారు ఆకు. ఆ అడవి ఊళ్లల్లో చేతులున్న ప్రతి మనిషీ ఆ పదిహేను రోజులూ చేసే పని అది. నేను అందరినీ ఒక్క కలం పోటుతో గవర్నమెంటు ఉద్యోగులను చేసేదాన్నే.

మా సూపరింటెండెంట్ రంగారావు సారు ఆ కట్టను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏమ్మా సుగుణా, వీటికి అపాయింట్‌మెంట్ ఆర్డరు ఏదీ? హాజరు పట్టీ ఎవరి దగ్గర ఉంది?" అన్నారు.

సోమయ్య తననే అడుగుతున్నారనుకున్నాడు. "పదిహేను రోజులే సార్. వాన పడితే బంద్" అన్నాడు.

"మనకంటే మంచి నౌకరి" అన్నారు సారు. తర్వాత నా వైపు తిరిగి, నవ్వకుండా చెప్పారు. "పని చేస్తున్నవా అని అడగొద్దు. ఏం పని చేస్తున్నవ్ అని అడుగు. చెప్పేదాక కలం మూత తీయొద్దు."

ఆగిన భత్యం తిరిగి ఇప్పించడానికి ఐదు నెలలు పట్టింది. ఆపడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఆ తేడా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రంగారావు సారు చెప్పిన ఆ మాటను నేను పాతికేళ్లు తప్పకుండా పాటించాను. ఒక్కసారే మరిచిపోయాను. ఆ ఒక్కసారి గురించే మిగతా కథంతా.

ఖాదర్ భాయ్ మడమ

ఖాదర్ భాయ్ మా నీటి సరఫరా విభాగంలో ఫిట్టరు. వాళ్ల నాన్న కూడా పైపుల మేస్త్రీయే. బజారులో వాళ్లకు పాతకాలం నుంచి చిన్న పైపుల దుకాణం ఉంది. ఊళ్లో ఏ వీధి కింద ఏ పైపు పోతుందో, దాని వాల్వు ఎక్కడుందో ఆయనొక్కడికే తెలుసు. దీనికి ఊరి మీద గుత్తాధిపత్యం అని పేరు పెట్టకండి. ఎవరూ ఆయన్ని అడిగి రాసుకోలేదు, అంతే. సిమెంటు రోడ్లు వేసిన ప్రతిసారీ కాంట్రాక్టర్లు రెండు మూడు వాల్వు గుంతలను కప్పేసి వెళ్లేవారు. ఖాదర్ భాయ్ చెప్పు విప్పి, మడమ నేలకు ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని, "గిక్కడ తవ్వున్రి" అనేవాడు. అక్కడే ఉండేది.

ఆయన రిటైరైన రోజు శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి, ఆయన సేవలు మరువలేనివని కమిషనర్ గారు ఉపన్యాసం ఇచ్చారు. వాల్వులు ఎక్కడున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు.

తొమ్మిదో రోజు రెండు వార్డులకు నీళ్లు ఆగిపోయాయి. ఔట్‌సోర్సింగ్‌లో వచ్చిన కొత్త ఫిట్టరు వెంకన్న పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒకే వీధిలో ఐదు గుంతలు తవ్వాడు. ఒక దాంట్లో టెలిఫోన్ తీగ, ఒక దాంట్లో ఎవరిదో పాత రోలు దొరికాయి. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు ఆఫీసు మెట్లెక్కారు. కమిషనర్ గారు ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేయించారు.

ఆయన పది నిమిషాల్లో వచ్చాడు. ఆ వీధిలో ఇడ్లీ బండి దగ్గర ఆగి, "బండి జరుపు తమ్మీ" అన్నాడు. బండి ఎడమ చక్రం కింద తవ్వితే వాల్వు. పొడుగాటి ఇనుప చావి వేసి మూడు చుట్లు తిప్పాడు. నీళ్లొచ్చాయి.

పనా, చాయా?

మర్నాడు కమిషనర్ గారు నన్ను పిలిచారు. ఖాదర్ భాయ్‌ని గౌరవ వేతనం మీద మళ్లీ పెట్టుకుందామన్నారు. నేను రూలు చెప్పాను. ఇచ్చే గౌరవ వేతనం కంటే ఆగిపోయే కరువు భత్యమే ఎక్కువని కూడా చెప్పాను. ఖాదర్ భాయ్ పక్కనే నిలబడి విన్నాడు.

"అంటె మేడం, నేను పని జేస్తె పైసలు తగ్గుతయ్, ఇంట్ల గూసుంటె పెరుగుతయ్. గంతేనా?"

"అంతే భాయ్."

"నా దుకాణంల నల్లాలు అమ్ముకుంటె?"

"ఏమీ ఆగదు."

"గదే నల్లాకు నీళ్లు రానీకి వాల్వు తిప్పితె?"

"మున్సిపాలిటీ జీతం ఇస్తే ఆగుతుంది."

ఆయన వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. "బహుత్ ఖూబ్" అన్నాడు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఈ రూలుకు కారణం ఉంది. అది లేకపోతే మా ఆఫీసులో రిటైరైనవాడెవడూ గేటు దాటడు, కొత్తవాళ్లకు కుర్చీ ఉండదు. కానీ ఊరి పైపులన్నీ బుర్రలో మోస్తున్న ఒక్క మనిషికీ, ఊరికే జీతం కోసం వేలాడే మనిషికీ రూలు తేడా చూడదు. తేడా చూడాల్సింది ఆఫీసర్లు. మా కమిషనర్ గారు మంచి మనిషి, కానీ సంతకం అంటే ఆయనకు జ్వరం వస్తుంది. నోటితో అన్నీ చేయమంటారు, కాగితం మీద ఒక్క అక్షరం పెట్టరు. "ఆర్డరు వద్దులే సుగుణ గారూ. ఖాదర్‌ను అప్పుడప్పుడు చాయ్‌కి రమ్మనండి" అన్నారు. ఇలాంటి బాసుల దగ్గర జాగ్రత్తగా ఉండండి. కోపిష్టి బాసు కంటే వీళ్లతోనే ప్రమాదం ఎక్కువ.

అలా ఖాదర్ భాయ్ చాయ్‌కి రావడం మొదలైంది. మొదట వారానికోసారి, తర్వాత రోజూ. "ఇంట్ల గూసుంటె మా బేగం తిడుతున్నది మేడం, వంటింట్ల నల్లా నాలుగుసార్లు విప్పి బిగించిన్నని" అనేవాడు. వార్డు కౌన్సిలర్లు ఫోన్ చేసి, "మేడం, ఖాదర్ భాయ్ చాయ్ తాగిండా?" అని అడిగేవారు. తాగాడంటే వాళ్ల వార్డుకు నీళ్లు వస్తున్నట్టు. ఒకసారి ఆయనకు జలుబు చేసి చాయ్‌కి రాకపోతే, మూడు కాలనీలు ట్యాంకర్లు తెప్పించుకున్నాయి.

నవంబరులో ఆయన, పెన్షనర్లు ఏటా ఇచ్చే కాగితాన్ని మొదటిసారి ఇవ్వడానికి వచ్చాడు. ఖాదర్ భాయ్ ఉర్దూ చదువుతాడు, రాస్తాడు. తెలుగు మాట్లాడతాడు కానీ రాయలేడు. అందుకని నేనే నింపుతున్నాను. మళ్లీ ఉద్యోగం చేస్తున్నారా అన్న గడి దగ్గర నా వేలు ఆగకముందే ఆయన అడిగాడు.

"మేడం, నేను రోజు వస్తున్న కద. అవ్ అని రాయాలె కద?"

ఆ రోజు నా బల్ల ముందు ఇంకా ఇరవై మంది వరుసలో ఉన్నారు. బయట ఆ పొట్టికాలు బెంచీ టకటకమంటోంది. "చాయ్‌కి వచ్చేది ఉద్యోగమెట్లయితది భాయ్" అని, 'లేదు' అని రాసేశాను. ఆయన ఉర్దూలో సంతకం పెట్టాడు.

ఆడిట్

జనవరిలో మా ఇంజినీరుకు జాలి పుట్టింది. పెద్దమనిషి చేత ఉచితంగా పని చేయించుకోవడం పాపమనుకుని, కూలీ ఖర్చుల కింద ఖాదర్ భాయ్ పేరు మీద రెండు నెలలు డబ్బు ఇచ్చాడు. నాకు చెప్పలేదు. ఆఫీసే ఇచ్చింది కదా అని ఖాదర్ భాయ్ తీసుకున్నాడు. మా ఆఫీసులో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువవి దుర్మార్గం వల్ల రాలేదు, ఇలా అడక్కుండా చేసిన మంచి వల్లే వచ్చాయి.

ఏప్రిల్లో ఆడిట్ వచ్చింది. ఆడిట్ ఆఫీసరు సన్నగా, తెల్లగా, ఉతికి ఆరేసిన చొక్కాలా ఉండే పెద్దమనిషి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో ఉద్యోగం లేదని సంతకం. ఇంకోదాంట్లో పని చేసినందుకు డబ్బు. అబద్ధపు ధ్రువీకరణ అని రాయబోతున్నానని చెప్పాడు. ఆ ఒక్క మాట రాస్తే తీసుకున్న డబ్బు కట్టడంతో పోదు. విచారణ నడుస్తుంది, తేలేదాకా పెన్షన్ ఆగొచ్చు. ఖాదర్ భాయ్ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పెన్షన్‌తోనే. దుకాణం పేరుకే ఉంది.

నా సంగతీ చెప్పాలి. నాకు రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. ఆ సమయంలో నా పేరు మీద మెమో పడితే, అది తేలేదాకా నా గ్రాట్యుటీ కదలదు. ఆ రూలు నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. రెండు రోజులు నేను నోరు మూసుకుని తిరిగాను. దానికి సాకులు చెప్పను. భయపడ్డాను.

మూడో రోజు పదకొండు గంటలకు ఖాదర్ భాయ్‌ని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు. కమిషనర్ గారి గదిలో అందరం కూర్చున్నాం.

"ఈ సంతకం మీదేనా?" అన్నాడు ఆఫీసరు.

"నాదే సార్."

"ఇక్కడ 'లేదు' అని రాసింది ఎవరు?"

ఖాదర్ భాయ్ ఒక్కసారి నా వైపు చూశాడు. అప్పటికే నా రిటైర్మెంటు సంగతి ఆఫీసంతటికీ తెలుసు.

"నేనే రాసిన సార్" అన్నాడు.

"అయితే ఈ తెల్లకాగితం మీద మళ్లీ రాయండి."

ఆయన కలం తీసుకున్నాడు. నవంబరు కాగితాన్ని దగ్గరికి లాక్కుని, ఆ రెండక్షరాలను వాల్వును పరిశీలించినట్టు పరిశీలించాడు. తర్వాత జాగ్రత్తగా గీయడం మొదలుపెట్టాడు. ఉర్దూ రాసినట్టే కాగితానికి కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. ముందు 'దు' వేశాడు.

నలభై ఏళ్ల సర్వీసులో ఒక్క అబద్ధం ఆడని మనిషి, నా కోసం రాయడం రాని భాషలో అబద్ధం గీస్తున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అదే సమయంలో నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకోలేక లేచి నిలబడ్డాను.

"ఆపండి భాయ్. నేనే రాశాను సార్. అవ్ అని రాయాలేమో అని ఆయన అడిగాడు. నేనే వద్దన్నాను."

కమిషనర్ గారు కిటికీ బయట ఏదో ముఖ్యమైనది కనిపించినట్టు అటు తిరిగారు. ఆడిట్ ఆఫీసరు ఒక తెల్లకాగితం నా వైపు జరిపాడు. "రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నాడు. అక్కడే కూర్చుని ఇచ్చాను. నా సర్వీసులో ఒక్క కొట్టివేత లేకుండా రాసిన కాగితం అదొక్కటే.

సబ్బు

ఒంటిగంటకు అందరం భోజనాలకు లేచాం. ఆడిట్ ఆఫీసరు చేతులకు సబ్బు బాగా రుద్దుకుని నల్లా తిప్పాడు. నల్లా ఒకసారి దగ్గింది, ఆగిపోయింది.

పక్క వీధిలో వెంకన్న ఒక వాల్వు సరిచేయబోయి ఇంకో వాల్వు మూసేశాడని తర్వాత తెలిసింది. ఏది మూశాడో అతనికే తెలియదు. ఆఫీసుకే కాదు, పక్కనున్న దవాఖానాకు కూడా నీళ్లు ఆగాయి. కమిషనర్ గారు పరుగున వరండాలోకి వచ్చారు. ఖాదర్ భాయ్ మా సెక్షన్ ముందు పొట్టికాలు బెంచీ మీద, పడిపోకుండా ఒక కాలు నేలకు తన్నిపెట్టి కూర్చుని ఉన్నాడు.

"ఖాదర్ భాయ్, జల్దీ పోయి చూడున్రి" అన్నారు కమిషనర్ గారు.

ఆయన కదల్లేదు. "సార్, ఇప్పుడు నేను తిప్పితె ఇది పనా, చాయా?"

"అరె, దవాఖానాకు నీళ్లు లేవయ్యా!"

"గందుకే అడుగుతున్న సార్. పని అయితె గడిల అవ్ అని రాయాలె. చాయ్ అయితె చాయ్ ఏది?"

అంతలో ఆడిట్ ఆఫీసరు వచ్చాడు. రెండు చేతులూ గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు, నురగ ఆరిపోతోంది. జవాబు కోసం అందరమూ ఆయన వైపే చూస్తున్నాం. ఆయనకూ ఆ సంగతి అర్థమైంది.

"జీతం తీసుకుంటారా?" అన్నాడు.

"వద్దు సార్."

"అయితే ఉద్యోగం కాదు. ఊరివాడిగా సాయం చేయడం. వెళ్లండి."

"రాసియ్యున్రి సార్" అన్నాడు ఖాదర్ భాయ్. "నోటిమాట నమ్మి ఒకసారి గిక్కడిదాక వచ్చిన." ఆ మాట అంటూ నా వైపు చూడకుండా ఉండటానికి ఆయన చాలా కష్టపడ్డాడు.

ఆఫీసరు చెప్పాడు, నేను రెండు కాపీలు రాశాను. ప్రజల అవసరం దృష్ట్యా, ఏ ప్రతిఫలమూ లేకుండా, ఈ ఒక్క రోజు. ఆయన సబ్బు చేత్తోనే రెంటి మీదా సంతకం పెట్టాడు. ఖాదర్ భాయ్ ఒక కాపీని ఆరబెట్టి, మడిచి, జేబులో పెట్టుకుని, వరండా మెట్లు దిగి చెప్పు విప్పాడు. ఇరవై నిమిషాల్లో నల్లా మళ్లీ దగ్గి, నీళ్లు కక్కింది. రెండో కాపీ ఇప్పటికీ ఫైల్లో ఉంది. ఆఫీసరు సబ్బు వేలు ఆనినచోట కాగితం ముడతలు పడి ఉంటుంది.

నీళ్లొచ్చాయని కాదు కానీ, ఆడిట్ నివేదిక న్యాయంగానే వచ్చింది. కాగితం నవంబరుది, డబ్బు జనవరిది. సంతకం పెట్టిన రోజున ఆయనకు జీతం లేదు కాబట్టి అది అబద్ధం కాదన్నారు. ఆ రెండు నెలల డబ్బు తిరిగి కట్టమన్నారు, ఖాదర్ భాయ్ మర్నాడే కట్టాడు. పెన్షన్ ఒక్క రోజు కూడా ఆగలేదు. రోజూ ఆఫీసుకు వస్తున్న మనిషిని ఏం చేస్తున్నావని విచారించకుండా, తనకు తోచింది రాసినందుకు సెక్షన్ సూపరింటెండెంటుకు మెమో ఇచ్చారు. అది నాకు రావలసిందే.

ఆ తర్వాత ఖాదర్ భాయ్ ఒక షరతు పెట్టాడు. వెంకన్నను వెంట తిప్పుకుని, టేపు పెట్టి, కరెంటు స్తంభాల నుంచి కొలిచి, ప్రతి వాల్వునూ పుస్తకంలో రాయించుకుంటేనే చాయ్‌కి వస్తానన్నాడు. ఇడ్లీ బండి గుర్తులు పనికిరావని వెంకన్న అన్నాడు, బండి ఇప్పటికే రెండుసార్లు చోటు మారింది. రెండు నెలలు ఊరంతా తిరిగారు. ఆ పుస్తకం ఇప్పుడు ఇంజినీరు బీరువాలో ఉంది. అరవై ఏళ్ల కింద పైపులు వేసినప్పుడే చేయాల్సిన పని.

నా కాగితం

నేను రిటైరయ్యాను. శాలువా, గడియారం నాకూ ఇచ్చారు. మెమో తేలడానికి ఆ తర్వాత ఇంకో మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నా ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికి నా సెక్షన్‌కే వచ్చి, బయట ఆ బెంచీ మీద కూర్చున్నాను. మొదటి రోజే పక్కకు ఒరిగి పడబోయాను. ఇరవై ఏళ్లుగా పెన్షనర్లు నాతో చెప్పింది అక్షరాలా నిజం. మూడోసారి వచ్చినప్పుడు వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చి కాలు బాగుచేయించాను. అనూషా, నువ్వు అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, నీ సెక్షన్ బయట ఉన్న బెంచీ మీద ఒక గంట కూర్చో.

చివరికి మెమో తేలింది, హెచ్చరికతో వదిలేశారు. అంతలో నవంబరు వచ్చింది. ఒక ఉదయం అనూష ఫోన్ చేసింది. "మేడం, పాత సర్వీసు బుక్కులు ఎట్ల చూడాలో సమజైతలేదు. ఒక్కసారి చాయ్‌కి రాన్రి."

వెళ్లాను. పది ఫైళ్లు బల్ల మీద పరిచాను. ఏ పేజీలో ఏం వెతకాలో చెబుతూ చెబుతూ మధ్యాహ్నం అయింది. చాయ్ వచ్చి చల్లారింది. ఎలాగూ వచ్చాను కదా అని నా కాగితం కూడా ఇచ్చేద్దామనుకున్నాను. పేరు, చిరునామా అనూషే చకచకా నింపింది. బయట ఇంకా పది మంది వరుసలో ఉన్నారు.

మళ్లీ ఉద్యోగం చేస్తున్నారా అన్న గడి దగ్గరికి వచ్చింది. తల ఎత్తకుండానే, "లేదు అని రాస్తున్న మేడం" అంది.

నేను ఆమె చేతిలోంచి కలం లాక్కుని మూత పెట్టాను.

"ముందు అడుగు."

"ఏమని మేడం?"

"ఏం పని చేస్తున్నవ్ అని."

అనూష నా ముందున్న పది ఫైళ్లనూ, నా చేతిలో విప్పి ఉన్న సర్వీసు బుక్కునూ, చల్లారిపోయిన గ్లాసునూ చూసింది. నవ్వు ఆపుకుంటూ, వరుసలో అందరికీ వినపడేలా అడిగింది. "మేడం, ఏం పని చేస్తున్నరు?"

గ్లాసు తీసుకుని, చల్లారిన చాయ్ ఒక్క గుటకలో తాగేశాను.

"చాయ్ తాగుతున్న" అన్నాను. "రాసుకో."

ఆ చాయ్ డబ్బులు ఆఫీసును ఇవ్వనీయకుండా నేనే ఇచ్చాను. హోటలువాడు వింతగా చూసినా సరే, రసీదు రాయించుకున్నాను. దాన్ని నా కాగితం వెనక పిన్ను కొట్టించాను.